కనపడలేదు, రాసుకో

అందరికీ కనపడేది తనకొక్కడికే కనపడకపోతే, మనిషి ముందుగా అనుమానించేది ఎదుటివాళ్ళ కళ్ళనే. ఓబుళపతి కూడా అదే పని చేశాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఒకే చుక్క కోసం కాచుకుని కూర్చున్నవాడికి ఆ మాత్రం పొగరు ఉంటుంది, ఉండాలి కూడా.

గురువారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోను మోగింది. బెంగుళూరు నుంచి తస్లీమా.

"సార్! ముసలాయన లేచినాడు సార్! మిద్దెక్కండి, బిరీన మిద్దెక్కండి!"

ముసలాయన అంటే మనిషి కాదు. సింహరాశి తోక దగ్గర, మామూలు కంటికి ఆనని ఒక చుక్క. పటాల్లో దానికి అక్షరాలూ అంకెలూ కలిసిన పేరొకటుంది గానీ, కదిరిలో చుక్కలు చూసే పదిమందిలో ఎవరూ ఏనాడూ ఆ పేరు పలకలేదు. అది తన పక్కనున్న పెద్ద చుక్క నుంచి వాయువును కొంచెం కొంచెంగా లాక్కుని ఒంటికి పూసుకుంటూ ఉంటుంది. ఎనభై ఏళ్ళకోసారి ఆ పూత మోయలేనంత మందమై భగ్గుమంటుంది. నాలుగు రోజులు వెలిగి, వారం పది రోజుల్లో మళ్ళీ కంటికి అందకుండా పోతుంది. ఎనభై ఏళ్ళు పడుకుని, వారం రోజులు లేచి కూర్చుని, మళ్ళీ దుప్పటి ముసుగేసే వాణ్ణి ముసలాయన అనక ఇంకేమంటారు?

ఓబుళపతి లుంగీ ఎగ్గట్టి, దిండు పక్కనున్న కంటద్దాలు పెట్టుకుని, అరవై ఏడేళ్ళ మోకాళ్ళను తిట్టుకుంటూ మెట్లెక్కాడు. వెనకే భార్య వనజాక్షి, చేతిలో పరిశీలన పుస్తకం, ఎర్రకాగితం చుట్టిన టార్చిలైటు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. సింహం తోక దగ్గర ఆయన కొలబద్దగా వాడుకునే చుక్కలు రెండూ, పెద్దముత్యం, చిన్నముత్యం, ఎప్పటిలాగే ఉన్నాయి. ఆ రెంటి మధ్యా ఖాళీ కూడా ఎప్పటిలాగే ఖాళీగానే ఉంది.

"యాడ?" అన్నాడు ఫోనులోకి.

"రెండు ముత్యాల మధ్యన సార్. పెద్దముత్యం కన్నా మిన్నగా వెలుగుతాంది. చూడొద్దన్నా కనపడుతుంది సార్!"

"మధ్యన ఏమీ లేదు. నువ్వు గురుగ్రహాన్ని చూసి మురిసిపోతాండావు."

"అయ్యో, గురుడు ఆపక్క సార్. నాకు ఆమాత్రం తెలీదా? మీరు నేర్పిచ్చిందే గదా."

"నేర్పిచ్చినా గానీ నువ్వు నేర్చుకోలేదు" అని ఫోను పెట్టేశాడు. ఇంకో అయిదు నిమిషాలు చూశాడు. నేరుగా చూశాడు, ఓరగా చూశాడు, కళ్ళు మూసి తెరిచి చూశాడు. ఏమీ లేదు.

"రాసుకో" అన్నాడు. "నాలుగూ నలభై అయిదు. ఆకాశం శుభ్రం. ఉన్నా చిన్నముత్యం కన్నా మసకే. కనపడలేదు."

వెనక కలం కదిలిన చప్పుడు వినిపించలేదు.

"రాసినావా?"

"రాస్తాండా" అంది వనజాక్షి. ఆ గొంతు ఆయనకు కొత్తగా అనిపించింది.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. చుక్క వెలుగును అంచనా కట్టేవాడు దీపం వైపు చూడకూడదు; చీకటికి అలవాటు పడిన కళ్ళు చెడతాయి. అందుకని రాసే పని ఇంకొకరిది. పెళ్ళయిన మూడో నెల నుంచీ ఆ ఇంకొకరు వనజాక్షి. మిద్దె మీద చాప వేసుకుని, భర్తకు వీపు తిప్పి కూర్చుని, ఎర్రవెలుగులో ఆయన చెప్పింది రాస్తుంది. రాసేవాళ్ళకు ఒకటే నియమం: ముందుగా నోరు విప్పకూడదు. "ఈపొద్దు బాగా వెలుగుతాందే" అని పక్కనుంచి ఒక్క మాట పడితే చాలు, చూసేవాడి కన్ను ఆ మాట వైపే మొగ్గుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె ఒకసారి నోరు జారి వేరే చుక్క గురించి ఆ మాటే అంది. ఓబుళపతి ఆ పూట లెక్కలన్నీ కొట్టేసి, రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తరువాత ముప్ఫై నాలుగేళ్ళలో ఆమె మళ్ళీ నోరు జారలేదు.

కనపడలేదని కూడా రాయాలా అని ఊళ్ళో నవ్వేవాళ్ళు. "ఎప్పటిదాకా లేదో తెలిస్తేనే గదప్పా ఎప్పుడొచ్చిందో తెలిసేది" అనేవాడు ఓబుళపతి. అట్లా పదివేలకు పైగా "కనపడలేదు"లు ఆ పుస్తకాల్లో ఉన్నాయి. మధ్యలో రెండేళ్ళు మాత్రం ఖాళీ. నీటికాసుల జబ్బు వచ్చి ఆయన చూపు రెండు కళ్ళలోనూ పూర్తిగా పోయిన రెండేళ్ళు అవి. మిద్దె మీద రెండు కళ్ళున్న మనిషి ఇంకొకరు ఉన్నారు కదా అన్న ఆలోచన అప్పుడు ఆ మహానుభావుడికి రానేలేదు.

చూపు తిరిగి తెచ్చింది తస్లీమా. కదిరి బడిలో చదివేటప్పుడు ఈ మిద్దె మీదే చుక్కలు నేర్చుకున్న పిల్ల, బెంగుళూరు ప్రయోగశాలలో పెద్ద శాస్త్రవేత్త అయింది. కంటద్దాల్లో కెమెరా, తల వెనక చర్మం కింద మెదడుకు ఆనించిన బిళ్ళ, జేబులో అగ్గిపెట్టెంత పెట్టె. బిళ్ళ ఇవ్వగలిగింది మూడువేల ఆరువందల వెలుగు చుక్కలే. మొదటి రోజు ఓబుళపతికి అన్నీ ముగ్గులో చుక్కల్లా కనపడ్డాయి. కలిపే గీతలు లేవు. ఆ గీతలు కలిపేది పెట్టెలోని ప్రోగ్రాము. దానికి వాళ్ళు పెట్టిన పేరు నేర్పరి. ఎనిమిది నెలలు ఆయన ఇల్లంతా, వీధంతా తిరిగి దానికి పాఠం చెప్పాడు. ఇది గడప, ఇది వేపచెట్టు, ఇది నా భార్య. ఫోటోలు పెట్టారు, ఆకాశపటాలు పెట్టారు, పరిశీలన పుస్తకాలన్నీ పెట్టారు. ఒకనాటి ఉదయం బొమ్మ కట్టింది. వనజాక్షి కాఫీ లోటా పట్టుకుని నిలబడి ఉంది, నిండు మొహంతో, నుదుటి మీద రూపాయంత బొట్టుతో. ఓబుళపతి ఆపూట కాఫీ చల్లారిపోయేదాకా ఏడ్చాడు.

అదంతా జరిగి మూడేళ్ళు కావస్తోంది.

గురువారం పొద్దెక్కేసరికి ఫోను ఊపిరి తిప్పుకోనివ్వలేదు. హిందూపురం నుంచి, కర్నూలు నుంచి, ఎక్కడో జపాను నుంచి. అందరూ చూశామనే వాళ్ళే. ఓబుళపతి "సంతోషం" అనీ, "ఆహా" అనీ అంటూ వచ్చాడు. ప్రపంచమంతా కలిసి తనతో పరాచికాలాడుతోందా? అందరూ ఒకే తప్పు ఎట్లా చేస్తారు? పోనీ ఆ చుక్క కదిరి మీద మాత్రం ఉదయించడం మానేసిందా? ఆ మూడింటిలో ఏదీ పొసగలేదు.

పదకొండింటికి ఒక ఉత్తరం వచ్చింది. ఫోను చదివి వినిపించింది. విదేశంలో ఈ చుక్కల లెక్కలన్నీ పోగేసే పెద్ద సంస్థ నుంచి. మంగళ, బుధవారాల్లో ఆ వేళకు మబ్బు లేని చోట ముసలాయన ఉన్నాడా లేడా అని చూసి రాసిన పుస్తకం ప్రపంచం మొత్తం మీద మీదొక్కటే, బుధవారం తెల్లవారేదాకా చుక్క లేదని మీరు రాసి పంపినందువల్లే అది ఒక్క రోజులో ఇంత ఎత్తుకు ఎగసిందని తేలింది, ఇన్నాళ్ళూ అనుకున్న సిద్ధాంతాలన్నీ తిరగరాయాల్సి వస్తుంది, మీకు కృతజ్ఞులం, అని.

ఇంకో రోజైతే ఓబుళపతి ఆ ఉత్తరాన్ని పటం కట్టించేవాడు. ఈరోజు దాన్ని మళ్ళీ ఒకసారి చదివించుకుని విన్నాడు. గురువారం "కనపడలేదు" అన్నది తప్పయితే, బుధవారం అన్నది మాత్రం ఒప్పెట్లా అవుతుంది?

వనజాక్షి నడవలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది.

"వనజా, ఒక మాట అడుగుతా. నిజం చెప్పల్ల. ఈపొద్దు ఆడ చుక్క ఉండెనా?"

ఆమె చేతులు ఆగాయి. "ఉండె."

"నిన్న?"

"నిన్నా ఉండె. దీనికన్నా రవ్వంత చిన్నది."

"మొన్న మంగళవారం?"

"అప్పుడు చిన్నముత్యమంత ఉండె. రాత్రి ఆరేసి మర్చిపోయిన బట్టలు తీసుకొచ్చేదానికి మీకన్నా ముందే పైకి పోయింటి గదా, అప్పుడు చూస్తి."

ఓబుళపతి లెక్క వేసుకున్నాడు. అంటే ఈ విడత ముసలాయన లేవడం ప్రపంచంలో అందరికన్నా ముందు చూసింది తన పెళ్ళాం. చూసి, ఆయన వెనక్కి వచ్చి కూర్చుని, ఆయన చెప్పినట్టే "కనపడలేదు" అని రాసిపెట్టింది.

"మూడు రోజులు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోనుంటివా? చెప్పలేదేంటికి?"

"రాసేవాళ్ళు ముందుగా నోరు విప్పకూడదని నేర్పిచ్చింది ఎవరు?" అంది వనజాక్షి నెమ్మదిగా. "మీకు కనపడకుండా పోతుందా, నా కండ్లే మోసం చేస్తాండాయేమో అనుకుంటి. ఈపొద్దు ఆ పిల్ల ఫోను చేసినాకే, నేను చూసింది నిజమేనని నమ్మకమొచ్చె. అయినా మీరు కనపడలేదనే అంటిరి. ఏమి చేసేది? రాస్తి."

ఆయనకు తిట్లు నోటిదాకా వచ్చాయి. ఎవర్ని తిట్టాలో తెలియక మింగేశాడు.

ముప్ఫై ఏళ్ళు కరెంటాఫీసులో మీటర్లు పరీక్షించిన మనిషి ఆయన. మీటరు మీద అనుమానమొస్తే దాన్నే తెల్లార్లూ చూస్తూ కూర్చుంటే లాభం లేదు. తెలిసిన బల్బు ఒకటి తగిలించి, ఎంత చూపిస్తుందో చూడాలి.

"వంటింట్లోకి పో" అన్నాడు. "అలమర్లో ఏదో ఒక సామాను మార్చు. ఏది మార్చినావో చెప్పొద్దు."

కాసేపటికి "రండి" అని కేక వినిపించింది. వెళ్ళి అలమర ముందు నిలబడ్డాడు. పై అర నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఊరగాయ జాడీలు మూడు. పప్పు డబ్బాలు. పూజ చెంబు. చివర ఇత్తడి బిందె, మెడ దగ్గర సొట్టతో సహా.

"ఏదీ మార్చలేదే" అన్నాడు.

వనజాక్షి దగ్గరికొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని పైకెత్తి బిందె మీద పెట్టింది. బిందె కళ్ళెదుట తళతళలాడుతూనే ఉంది. చెయ్యి మాత్రం దానిలోంచి దూసుకుపోయి గోడకు తగిలింది. ఉలిక్కిపడి వెనక్కి అడుగేసేసరికి, కాలు తగిలి నేల మీద అసలు బిందె ఖంగుమంది. ఆయన తూలి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

గాజులు గలగలమంటూ మోచేతి దాకా జారిపోయాయి.

ఓబుళపతి ఆ చేతి వంక చూశాడు. బొద్దుగా, గాజులు పట్టేసిన మణికట్టు. కంటికి గాజులు ఉన్నచోటే ఉన్నాయి. కానీ ఆయన వేళ్ళ కింద ఉన్నది ఎండుపుల్లలాంటి ఎముక. బిందె సంగతి తెలిసినప్పుడు కలిగింది ఆశ్చర్యం. ఇప్పుడు కలిగింది భయం. కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ చెయ్యి వెంబడే పైకి తడుముకుంటూ పోయాడు. భుజం. మెడ కింద గుంట. చెంప ఉండాల్సిన చోట దవడ. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో పట్టపగలు వంటింట్లో పెళ్ళాం మొహం తడమడం అదే మొదటిసారి.

"ఎప్పట్నించి ఇట్లుండావు?"

"ఉగాది ముందునించి."

అప్పటికి కార్తీకం నడుస్తోంది. ఎనిమిది నెలలు.

"నాకు చెప్పలేదేంటికే?"

"మీకు కనపడతాండాది అనుకుంటి" అంది వనజాక్షి. "పొద్దున లేస్తే నా మొగమే చూస్తారు గదా. అంగడి రమీజాబీ అడిగె, పాలామె అడిగె, ఏమక్కా ఇట్ల చిక్కిపోయినావని. మీరొక్కరే అడగలేదు. పైగా సంకురాత్రికి తెచ్చిన కోక కట్టుకున్నరోజు, భలే ఉండావు వనజా అంటిరి. ఎగతాళా, లేక పట్టించుకోరా, ఏమీ అర్థం కాలేదు నాకు. పోనీ నేనే చెప్దామా అంటే, చెప్పి చూపిచ్చుకుంటే అది చూసినట్టా? చూడనీ, ఆయనే చూసి అడగనీ అని ఉండిపోతి. ఆస్పత్రికి కూడా పోలేదు."



ఆమె కింద పడ్డ బిందె వంక, ఖాళీ అలమర వంక, ఆయన వంక చూసింది. "అంటే, మీకు నిజంగానే కనపళ్ళేదా?"

"లేదు వనజా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమె నేల మీద చతికిలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. ఎనిమిది నెలల నుంచి గుండెల మీదున్న బండ దిగిందని ఆమెకు సంతోషం. అదే బండ తన గుండెల మీదికి ఎక్కిందని ఆయనకు తెలిసింది. ఆమెను ఓదార్చాలో, తనే ఏడవాలో తోచక ఆమె పక్కనే కూలబడ్డాడు.

సాయంత్రానికి తస్లీమా కారేసుకుని వచ్చింది. గడపలో వనజాక్షిని చూసి "అమ్మా, ఏమైంది నీకు!" అని కేకేసింది. బయటి మనిషికి ఒక్క చూపులో తెలిసింది. లోపల కూర్చున్న ఓబుళపతి ఆ కేక విని తల దించుకున్నాడు. తస్లీమా అప్పటికప్పుడు ఫోను చేసి, మరునాడు పదింటికి ఆస్పత్రిలో డాక్టరమ్మ దగ్గర సమయం తీసుకుంది.

తస్లీమా పెట్టెకు తీగ తగిలించి కంప్యూటరులో చూసింది.

"కదిలేవన్నీ కెమెరా నుంచే ఇస్తాంది సార్" అంది చివరకు. "మనుషులు నడిచేది, చెయ్యి ఊపేది, బస్సులు, ఆవులు. రోజూ ఉన్నచోటే ఉండేవి, బాగా తెలిసినవి మాత్రం దాని జ్ఞాపకంలోంచి గీసేస్తాంది. అమ్మ నడక ఈనాటిది. మొగం మూడేళ్ళ కిందటిది."

"ముసలాయన?"

"కెమెరాలో పడినాడు సార్, మంగళవారం నుంచే. కానీ మీ పుస్తకాల్లో ఆ చోట పదివేలసార్లు కనపడలేదని ఉండాది గదా. ఇది దుమ్ము అనుకొని తుడిచేసింది."

"అంటే నా మాటే నాకు తిప్పి చెప్తాండె."

తస్లీమా కళ్ళు తుడుచుకుంది. "పరీక్ష పెట్టేటప్పుడు మీ పాత లెక్కలతోనే పోల్చినాం సార్. నూటికి తొంభై తొమ్మిది కలిసింది. అచ్చం సార్ కన్నే తయారైందని మిఠాయిలు పంచుకుంటిమి. కన్ను కాదు సార్, మేము చేసింది మీ అలవాటును."

ఆ పిల్లను ఏమనగలడు? ఎనిమిది నెలలు తన పక్కన కూర్చుని ఆ పాఠాలన్నీ చెప్పించింది. చెప్పింది తనే.

ముందు చేయాల్సిన పని చేశాడు. ఆ విదేశీ సంస్థకు ఉత్తరం చెప్పి రాయించాడు: యంత్రం పెట్టుకున్న నాటి నుంచి ఈరోజు వరకు నా పేరు మీదున్న పరిశీలనలన్నీ కొట్టివేయగలరు, లోపం నా చూపులో ఉంది. తొమ్మిది వందల పైచిలుకు తెల్లవారుజాములు ఒక్క వాక్యంతో పోయాయి. మంగళవారం వనజాక్షి చూసిన సంగతి చేర్చమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "ఆపొద్దు పుస్తకంలో రాసింది అది కాదు. తరవాత దిద్దకూడదు గదా" అంది. ఆ నియమం కూడా ఆయనదే.

"సార్, నేర్పరిని ఇప్పుడే తుడిచేయొచ్చు" అంది తస్లీమా. "ఉత్త వెలుగు చుక్కలు మిగుల్తాయి. అయితే ఏమి, ముసలాయన అంటే వెలుగు చుక్కే గదా. రేపు తెల్లారి చూడొచ్చు. రెండు మూడు రోజుల్లో దిగిపోతాడు, మళ్ళీ ఎనభై ఏళ్ళు."

ఓబుళపతి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇంకొకటి కూడా చేయొచ్చు" అని తటపటాయించింది తస్లీమా. "తుడవకుండా, ఆ చోట చుక్క ఉందని నేర్పరికి నేనే చెప్తే, చక్కగా గీసి చూపిస్తుంది."

"నేను చెప్పి గీయించుకున్న దాన్ని, చూసినానని రాసుకోల్లా? వద్దు తల్లీ."

"తుడిచేయమనండి" అంది వనజాక్షి. "ముప్ఫై ఎనిమిదేళ్ళు కాచుకోనుండారు. దానికోసం వానలో తడిసినారు, జ్వరాలు తెచ్చుకున్నారు. చూడండి."

"తుడిస్తే నీ మొగం కూడా పోతుందమ్మా" అంది తస్లీమా. "మళ్ళీ నేర్పించేదానికి ఎనిమిది నెలలో, ఏడాదో."

 వనజాక్షి కొంగు వేలికి చుట్టుకుంటూ అంది: "అద్దంలో చూసుకుంటే నాకే భయమైతాంది. రేపు ఆస్పత్రిలో ఏం చెప్తారో. ఎవరి కండ్లలోనో ఒకరి కండ్లలో నేను బాగుండల్ల గదా. ఆ పాత మొగం అట్లనే ఉండనీయకూడదా?" అని, వెంటనే, "వద్దులే, తుడిచేయండి" అంది.

ఓబుళపతికి ఏదీ పాలుపోలేదు. అబద్ధపు మొహాన్ని రోజూ చూస్తూ కూర్చోవడం ప్రేమేనా? ఆమె అడిగింది కాదనడం న్యాయమేనా? చుక్కను చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది, అది దాచుకోలేడు. దాన్ని చూడటం కోసం ఆమె అడిగిన ఒక్క కోరికనూ తుడిచేసి, రేపు ఆస్పత్రిలో ఆమె పక్కన ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

"పెట్టెను అట్లనే ఉండనీ తస్లీమా" అన్నాడు. "తరవాత సంగతి తరవాత."

శుక్రవారం తెల్లవారుజామున ఆయన కంటద్దాలు దిండు పక్కనే వదిలేసి లేచాడు. గోడ తడుముకుంటూ మెట్లెక్కాడు. పుస్తకం తనే పట్టుకున్నాడు.

"ఈపొద్దు నువ్వు చూడు. నేను రాస్తా."

"మీకు కనపడదు గదా, ఎట్ల రాస్తారు?"

"రాసేదానికి కండ్లెందుకు, చేతులు చాలు" అని ఆమె చాప మీద ఆమె కూర్చునే తీరులోనే వీపు తిప్పి కూర్చున్నాడు. వరస తప్పకుండా ఎడమ బొటనవేలు కాగితానికి ఆనించి పెట్టుకున్నాడు.

వెనక వనజాక్షి నిలబడి చూసింది. తరువాత, ఆయన వాడే మాటలతోనే, ఆయనకన్నా స్థిమితంగా చెప్పసాగింది.

"నాలుగూ యాభై. ఆకాశం శుభ్రం. పెద్దముత్యం కన్నా కొంచెం తక్కువ. రెండు ముత్యాల మధ్య తేడాను పది భాగాలు చేస్తే, పెద్దముత్యం నుంచి రెండో భాగం."

ఓబుళపతి రాశాడు. పరిశీలకురాలు: వనజాక్షి. ఇంత శుద్ధంగా అంచనా కట్టగలిగిన మనిషి తన వీపు వెనకే ముప్ఫై నాలుగేళ్ళు నోరు మూసుకుని కూర్చుంది. చుక్క ఏ రంగులో ఉందో, మిణుకుతోందో లేదో అడగాలని నాలుక దురద పెట్టింది. రాసేవాడు అడగకూడదు. తల పైకెత్తాడు. చీకటి తప్ప ఏమీ లేదు. తన చుక్క అక్కడ వెలుగుతూ ఉంది, తను చూడకుండానే అది వెళ్ళిపోతుంది. ఆయనకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, కొత్త వరస మీద బొటనవేలు పెట్టాడు.

"ఇంకేమి చూసినావు?"

"ఆకాశంలోనా?"

"నీ ఒంట్లో. పది గంటలకు డాక్టరమ్మ అడుగుతుంది. ముందునించీ చెప్పు. తేదీలతో చెప్పు."

 కింద వీధిలో పాలబండి పోయింది. తరువాత ఆమె మొదలుపెట్టింది.

"ఉగాదికి వారం ముందు. మెట్లెక్కితే ఆయాసం."

రాశాడు.

"వైశాఖంలో రవికెలు వదులైనాయి. రెండుసార్లు కుట్టు వేసుకుంటి."

రాశాడు.

"జూన్ నెలాఖరు. సాయంత్రం పూట జ్వరం. తెల్లారితే ఉండదు."

రాశాడు.

"వినాయక చవితి నాడు తలకు పోసుకుంటాంటే, ఎడమ చంకలో గడ్డ చేతికి తగిలె. గోలీకాయంత. నొప్పి లేదు."

కలం ఆగింది. తరువాత రాశాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు నిమ్మకాయంత."

అదీ రాశాడు. బొటనవేలు ఇంకో వరస కిందికి జరుపుకున్నాడు.

"అంతేనా?"

"ఇంకొకటుంది" అంది వనజాక్షి. "అది డాక్టరమ్మకు కాదు. అయినా రాసుకోండి. మీరు అడగలేదని నాకు కోపమొచ్చె."

"ఎప్పుడు?" అన్నాడు ఓబుళపతి. తేదీ లేకుండా ఆ పుస్తకంలో ఏదీ ఎక్కదు.

"రోజూ" అంది.

ఆయన రాసుకున్నాడు.